అంతరిక్ష నౌకకు గార్డు డబ్బా

గూడ్సు బండి పోతుంటే దాని ఆఖరి పెట్టె కంటికి ఆనకుండా పోయేదాకా నేను కదలను. ఫాటకు, అదే రైలు గేటు, తెరిచినా సరే, కదలను. మొన్న భన్‌పురి ఫాటకు దగ్గర ఇదే తగాదా. బండి దాటింది, గేటు లేచింది, రిక్షా అతను పెడలు మీద కాలేసి "చల దాయీ, ఫాటక్ ఖుల్ గే హే" అని తొందర పెడుతున్నాడు. వెనక లారీలవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నారు. "ఆగవయ్యా, ఆఖరి పెట్టె పలక చూడనీ" అన్నాను తెలుగులోనే. రాయ్‌పూర్ మనిషి, అతనికేం అర్థమవుతుంది! ముసలమ్మకి మతి పోయిందనుకుని ఉంటాడు. అనుకోనీ. వార్డులో పెద్ద పెద్ద డాక్టర్ల చేతే ఆ మాట అనిపించుకున్నదాన్ని, రిక్షా అతను అనుకుంటే పోయేదేముంది?

ఆ ఆఖరి డబ్బాలో ఎవరో కుర్ర గార్డు. తెల్లచొక్కా, నెత్తిన టోపీ. ఎవరూ లేని పట్టాల వైపు ఆకుపచ్చ జెండా చాపి నిలబడి ఉన్నాడు. మా గార్డు గారు గుర్తొచ్చారు. గుర్తొచ్చారనటం కూడా అబద్ధమే, మరిచిపోతే కదా గుర్తు రావటానికి.

ఆయన పేరు రాయను. ఉన్నన్నాళ్ళూ నేనాయన్ని పేరుపెట్టి పిలిచింది లేదు. ఇప్పుడు కాగితం మీద పిలిస్తే ఎక్కడున్నా ఉలిక్కిపడతారు. అసలే బెదురు మనిషి.

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఆయన క్వార్టరూ నా క్వార్టరూ పక్కపక్కన. రెండు వరండాల మధ్య నడుమెత్తు గోడ. ఆయనది శ్రీకాకుళం జిల్లా పలాస. పెళ్ళయిన కొత్తల్లోనే భార్య పోయింది, మళ్ళీ చేసుకోలేదు. నేను బాపట్ల వైపు క్రైస్తవుల పిల్లని, రైల్వే ఆసుపత్రిలో నర్సుని. చెల్లెళ్ళ చదువులూ పెళ్ళిళ్ళూ అయి తలెత్తి చూసేసరికి, నన్ను అడగాల్సిన వాళ్ళందరూ పిల్లల తండ్రులయిపోయి ఉన్నారు. ఏడవలేదు. తీరికేదీ ఏడవటానికి!

మా ఆఖరి చెల్లెలు గల్ఫ్‌లో నర్సు. ఒకసారి సెలవుకొస్తూ మా అన్నయ్య కొడుకు కోసమని ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చింది. పెట్టె మీద నల్లటి ఆకాశం, పసుపుపచ్చటి గ్రహం, ఆ గ్రహం పక్కనుంచి దూసుకుపోతున్న వెండిరంగు అంతరిక్ష నౌక. వేసవి సెలవులకి నా దగ్గరకొచ్చిన మేనల్లుడు ఆత్రంగా విప్పాడు. లోపల నౌకా లేదు, ఏమీ లేదు. సన్నటి ప్లాస్టిక్ చట్రాలకి వేలాడుతూ గోరంత గోరంత ముక్కలు. "అత్తా, ఇది విరిగిపోయి వచ్చింది" అని వాడు రాగం తీశాడు. ముక్కలన్నీ మనమే అతికించి, రుద్ది, రంగు వేసుకోవాలిట. డబ్బులిచ్చి కొనుక్కుని మళ్ళీ మనమే తయారు చేసుకోవటమేంటో నాకైతే బోధపడలేదు. పెట్టె వరండా మూలన పడింది.

అప్పుడు గార్డు గారికి వేలు తెగి, రోజు విడిచి రోజు నా దగ్గరకొచ్చి కట్టు మార్పించుకునేవారు. ఒక సాయంత్రం మూలనున్న పెట్టె చూశారు.

"ఏటండీ ఇది?"

"రాకెట్టట. మీకేమైనా పనికొస్తుందేమో చూడండి, లేకపోతే పొయ్యిలో పెడతాను."

ఆయన కట్టు సంగతి మరిచిపోయి పెట్టె ఒళ్ళో పెట్టుకున్నారు. బొమ్మని ఎదురుగా చూశారు, పక్కనుంచి చూశారు. చాలాసేపటికి ఆ నౌక తోక దగ్గర వేలు పెట్టారు.

"ఇంత బండికి గార్డు డబ్బా ఎక్కడండీ?"

"ఆకాశంలో పోయేదానికి గార్డు ఎందుకండీ బాబూ!"

"అలాగంటే ఎలాగండీ? వెనకాల్నుంచి ఏటైనా ఊడిపోతే ముందున్నోడికి ఎలాగ తెలుస్తాది?"

నేను నవ్వితే చేతిలో కత్తెర జారి కింద పడింది. ఆయన నవ్వలేదు. నవ్వులాట కాదు ఆయనకి. జీవితమంతా బండి తోకన కూర్చుని, వచ్చిన దారినే చూస్తూ ప్రయాణం చేసిన మనిషి. ముందు ఏముందో ఆయనకి ఎప్పుడూ తెలీదు. వెనక ఏం మిగిలిందో మాత్రం తెలుసు. బండి ఆఖరి పెట్టెకి ఒక చిన్న పసుపు పలక తగిలిస్తారు, దాని మీద ఇంగ్లీషులో రెండక్షరాలు, ఇదే ఆఖరి పెట్టె అని చెప్పటానికి. ఎర్రదీపం కూడా ఉంటుంది. స్టేషన్లో మనిషి ఆ పలక చూశాకే బండి మధ్యలో తెగకుండా పూర్తిగా వచ్చిందని నమ్ముతాడు. ఇదంతా నాకు ఆయనే చెప్పారు, అడక్కుండానే, బోలెడన్నిసార్లు.

పెట్టె ఆయన క్వార్టర్‌కి వెళ్ళింది. అంతే, ఆ మనిషి దానికి దక్కిపోయాడు.

పెట్టెలో ఇచ్చిన జిగురు గల్ఫ్ ఎండకి ట్యూబులోనే బిగుసుకుపోయింది. కాగితం మీద సూచనలన్నీ జపాన్ భాషలో ఉన్నాయి, బొమ్మలు తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. ఇంకొకరైతే వదిలేద్దురు. ఈయన డ్యూటీ దిగి సైకిలేసుకుని భన్‌పురి వెళ్ళి, లారీలకి రంగులేసే షెడ్ల దగ్గర కూర్చుని, నేనిచ్చిన దగ్గుమందు సీసాలో థిన్నర్ పోయించుకొచ్చారు. ముక్కలు తీసేశాక మిగిలిన చట్రాలని చిన్నగా తుంచి అందులో వేస్తే, ఒక రోజుకి కరిగి జావలాగా అయింది. అదే జిగురు! "దాని ఒంట్లోదే దానికి పడతాదండి" అనేవారు ముచ్చటగా. ఆ వాసనకి నాకు తల దిమ్మెక్కేది. తలుపులు వేసుకుని పనిచేస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని నేను కేకలేస్తే, అప్పట్నుంచి వరండాలో తువ్వాలు పరుచుకుని కూర్చోటం మొదలెట్టారు. నాకూ అదే కావాలి. గోడ ఇవతల నా కుర్చీ ఉంది మరి.

ఆయన పనిచేస్తుంటే చూడాలి. చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకున్నాక ఊపిరి బిగబట్టేవారు. ముక్క దాని చోట్లో కూర్చున్నాక "హమ్మ బాబూ" అని వదిలేవారు. ఇంత లావు మనిషి, అంత సన్న మాట. రెండు సగాలు అతికించాక మధ్యలో గీతలాంటి అతుకు కనిపిస్తుంది కదా, దాని మీద లారీ పుట్టీ రాసి, ఎమ్రీ అనే గరుకు కాగితం నీళ్ళలో తడిపి రుద్దటం. రుద్దుతూనే ఉండేవారు. తర్వాత కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరిచి, బొటనవేలి గోరు ఆ అతుకు మీదుగా పోనిచ్చేవారు. నేను రోగి చెయ్యి పట్టుకుని నరం కోసం వెతికేటప్పుడు నా మొహం ఇలాగే ఉంటుందేమో అనుకునేదాన్ని.

"కన్ను మోసం చేస్తాదండి. గోరు చెయ్యదు" అని ఆయన సిద్ధాంతం.

రంగు వెయ్యటం ఒక ఎత్తు. అది ఆరాక చేసే పని చూసి నా గుండె ఆగిపోయినంత పనయింది. తళతళ మెరుస్తున్న వెండిరంగు నౌకని తీసుకుని, దానికి మసి పూశారు! దీపం చిమ్నీ మసి, మెత్తగా నూరిన ఇటుక పొడి, వరండా గచ్చు మీద దుమ్ము. వేలితో అద్ది, గుడ్డతో సగం తుడిచి, మళ్ళీ అద్దారు.

"అయ్యో ప్రభువా! ఇన్నాళ్ళు కష్టపడి చేసి ఇదేం పాడు బుద్ధండీ?"

"శుభ్రంగా ఉందంటే షెడ్డు దాటలేదన్నమాటండి. ఇది చుక్కల దాకా పోయి వచ్చింది కదా. ఒంటికి ఏటీ అంటకుండా వచ్చీసిందంటే ఎవరు నమ్ముతారు?"

నేను నర్సుని. దుమ్మంటే నాకు ఒళ్ళు మంట. ఈ ఊళ్ళో పొద్దున తుడిచిన కిటికీ గట్టు మధ్యాహ్నానికి నల్లబడుతుంది, ఫ్యాక్టరీల పొగంతా మా కాలనీ మీదకే. ఆ దుమ్ముతో పోట్లాడుతూ నేను బతుకు ఈడుస్తుంటే, ఈయన దాన్ని డబ్బీల్లో దాచుకుంటున్నారు. మా ఇద్దరికీ మాటామాటా అనుకోటానికి అదొక్కటి చాలేది.

ఇక గార్డు డబ్బా. అది పెట్టెలో రాదు కదా, ఆయనే చేసేవారు. అగ్గిపెట్టె పుల్లలతో చట్రం, నా మందుల అట్టలతో గోడలు, తడికి నానకుండా వాటికి లారీ రంగు, దానికో చిన్న కిటికీ. నౌక తోకకి దాన్ని అతికించేవారు. ఎర్రదీపం కావాలంటే నేను ఎర్ర క్యాప్సూల్ ఒకటి ఇచ్చాను. లోపలి పొడి ఊదేసి, సగం కోసి అంటించారు, నిజం దీపంలాగే ఉంది. పలకకి ఇంజెక్షన్ సీసాల మీదుండే అల్యూమినియం మూత. దాన్ని కత్తిరించి, సాపు చేసి, పసుపు రంగేసి, సూది మొనతో ఆ రెండక్షరాలు రాసేవారు. అన్నిటికన్నా ఆఖర్న, మసి పూయటం కూడా అయ్యాక, పలక పెట్టేవారు. అప్పుడు నౌకని తెచ్చి గోడ మీద, తోక నా వైపుకి ఉండేలా నిలబెట్టేవారు. నేను స్టేషన్ మాస్టర్‌ని అన్నమాట. కళ్ళజోడు పెట్టుకుని, పలక చూసి, "గాడీ పూరీ ఆయీ" అనాలి, బండి పూర్తిగా వచ్చిందని. నేను ఆ మాట అంటేనే ఆయన టీ ముట్టుకునేవారు. పొరపాటున పలక పెట్టకముందు బాగుందని మెచ్చుకున్నానా, "ఇంకా రాలేదండి" అని మొహం ముడుచుకునేవారు.

చెల్లెలు వచ్చినప్పుడల్లా ఇంకో పెట్టె. "అక్కా, మేనల్లుడికి చొక్కాలు తెస్తున్నాను, ఈ పెట్టె ఎవరికి?" అని అది ఓరగా చూసేది. దానికేం చెప్తాం!

ఆ నౌకల్లో ఒక సంగతి నాకు నచ్చేది కాదు. ప్రతి పెట్టెలో నడిపేవాళ్ళ బొమ్మలు రెండొచ్చేవి, చీమంత మనుషులు, ముందు గదిలో పక్కపక్కన కూర్చోటానికి. ఈయన ఒకడిని మాత్రం ముందు కూర్చోబెట్టి, రెండోవాణ్ణి తీసుకెళ్ళి తోకన గార్డు డబ్బాలో పెట్టేవారు.

"పక్కపక్కన కూర్చోవాల్సిన వాళ్ళని అలా విడదీస్తారెందుకండీ?"

"ఒకరు ముందు, ఒకరు వెనక. లేపోతే బండి కాదండి అది."

"అంత దూరం పోయేదాకా వాళ్ళు మాట్లాడుకునేదెలా మరి?"

"జెండా ఉంది కదండి" అన్నారు, ఇంతకన్నా ఏం కావాలన్నట్టు.

నిజమే, మాకూ జెండానే ఉండేది. తిల్దాలో బియ్యం లోడైన వ్యాగన్లు తీసుకుని వచ్చేటప్పుడు ఆయన బండి మా క్వార్టర్ల వెనకనుంచి పోయేది. ఆయన డబ్బాలోంచి ఆకుపచ్చ జెండా మా వంటింటి వైపుకి చాపేవారు. నేను ఆకుపచ్చ మసిగుడ్డ ఊపేదాన్ని. ఆ గుడ్డ అందుకే కొన్నానని ఎవరికీ చెప్పలేదు. డ్యూటీలో ఉన్న గార్డు అలా చెయ్యకూడదట. ఆయన బతుకులో తప్పిన రూలు అదొక్కటే అయ్యుంటుంది.

నాకు ఆయనంటే ఇష్టం. ఇప్పుడు చెప్పటానికి సిగ్గేమిటి? అప్పుడే సిగ్గుపడలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన కొత్త నౌక పనిలో ఉన్నారు. చెల్లెలు తెచ్చినవాటిలో అదే అన్నిటికన్నా పెద్దది, మోచెయ్యంత పొడుగు.

"గార్డు గారూ, నన్ను పెళ్ళి చేసుకోవటం మీకు ఇష్టమేనా? కాకపోతే కాదని చెప్పండి. రేపట్నుంచి మీ వేలు తెగితే కట్టు కట్టనేమో అన్న భయం పెట్టుకోకండి."

ఎమ్రీ కాగితం పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. 

"పలాసలో అమ్మ ఉంది కదండి" అన్నారు నౌకనే చూస్తూ.

"అమ్మ సంగతి అమ్మని అడుగుతాను. నేను వచ్చి కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను. మీ సంగతి చెప్పండి."

"మీ చర్చివాళ్ళు..."

"వాళ్ళ సంగతి నాకు వదిలేయండి."

ఆయన తలెత్తి నన్ను చూశారు. అంత నిండుగా ఎప్పుడూ చూడలేదు. "ఈ బండి పూర్తి కానీండి. ఆఖరి పలక పెట్టిన్నాడు చెప్తాను. మాటంటే మాటే" అన్నారు.

సరేనన్నాను. ఆయన పని ఎంత నిదానమో తెలిసి కూడా సరేనన్నాను చూడండి, నా అంత తెలివిగలది ఉందా!

ఇక మొదలైంది. ముందు అతుకులు రుద్దారు. రంగేశారు. ఆరాక చూసి, "అతుకు కనిపిస్తోందండి" అని రంగంతా గీకేసి మళ్ళీ పుట్టీ పెట్టారు. ఎండలు పోయాయి, వానలు పోయాయి, క్రిస్మస్‌కి కాలనీ అంతా సున్నాలు వేసుకున్నారు, ఈయన నౌకకి మాత్రం రంగు నిలవలేదు. నేను వంగి కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసేదాన్ని. ఏమీ లేదు. గోరు పెట్టి చూశాను, నున్నగా జారిపోయింది. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, బొటనవేలు పోనిచ్చి, ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ" అనేవారు. అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే ఆయన గోటికి ఏదో తగులుతోంది. నాకు పొమ్మని చెప్పలేరు, రమ్మని చెప్పటానికి భయం.

"లేని అతుకుని ఎన్నాళ్ళు రుద్దుతారండీ? అరిగి చిల్లుపడుతుంది" అని ఒకరోజు విసుక్కున్నాను.

"తొందరపడి పలక పెట్టకూడదు కదండి. పలక పెట్టేనంటే పూర్తయినట్టే. మళ్ళీ తియ్యకూడదు" అన్నారు మెల్లగా.

ఆ మాటతో నా కోపం పోయింది. ఆయన ఆడుకోటం లేదని తెలిసింది. తెలిస్తే మాత్రం? ఎదురుచూడటం తేలికవుతుందా! వార్డులో నా నోటికి భయపడని ఆయా లేదు, కాంపౌండర్ లేడు. ఇంటికొచ్చి గోడ అవతల గరగరమని ఎమ్రీ కాగితం చప్పుడు వింటూ కుర్చీలో కూలబడితే మాత్రం చిన్నపిల్లలా అయిపోయేదాన్ని. ఆ గరగర ఆగితే బాగుండునని కోరుకునేదాన్ని. ఆగిన రోజున పలక పెడుతున్నారేమోనని లేచి గోడ మీదుగా తొంగి చూసేదాన్ని.

అది పూర్తి కాకుండానే ఆయన రిటైరయ్యారు. అదే సమయానికి పలాసలో అమ్మగారు మంచానపడ్డారు. క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళాల్సి వచ్చింది. మిగతా నౌకలన్నీ కాలనీ పిల్లలకి పంచేశారు. పెద్దదాన్ని మాత్రం తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు.

స్టేషన్‌కి వెళ్ళాను. ఆయన మధ్య పెట్టెలో, కిటికీ పక్కన, మామూలు ప్రయాణికుడిలాగా. ఆ సీట్లో ఇమడలేకపోతున్నారు.

"ఎటు చూడాలో తెలీటం లేదండి" అన్నారు.

"ముందుకి చూడండి ఒక్కసారైనా" అన్నాను. పెడసరంగా అన్నట్టున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగితే నాకు గొంతు అలాగే వస్తుంది.

"పూర్తి చేసి తెస్తానండి. నేనే తెస్తాను."

"తేండి. ఇంకే పని ఉంది నాకు, కూర్చునే ఉంటాను."

బండి కదిలింది. ఆకుపచ్చ చీర కట్టుకునే వెళ్ళాను, కొంగు చాపి పట్టుకున్నాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, ముందుకి కాదు, వెనక్కే చూస్తూ పోయారు.

తర్వాత చాలాకాలానికి, నేను క్వార్టర్లో ఉన్న ఆఖరి రోజుల్లో, ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడు. బయట ఎర్రంచు చీరలో ఒకావిడ, చంకలో తువ్వాలు మూట. గార్డు గారి తమ్ముడి భార్య. కాలనీలో చుట్టాల పెళ్ళికి వచ్చారట. చేతిలో ఆ మూట చూడగానే నాకు అర్థమైంది. తానే తెస్తానన్న మనిషి ఇంకొకరి చేత పంపాడంటే ఏమిటి అర్థం?

"బావగారు పోయారండి" అంది ఆవిడ. "అత్తగారు పోయిన కొన్నాళ్ళకే. పొద్దున్న టీ తాగి పెరట్లో కుర్చీలో కూర్చున్నారండి, కూర్చున్నట్టే ఉన్నారు. రాయ్‌పూర్ వెళ్ళాలి, సిస్టరు గారికి బండి ఇచ్చి రావాలని ఆ వారమంతా ఒకటే మాట. అందుకని మేమైనా ఇచ్చీవాలని తెచ్చేం."

కూర్చోమన్నాను. నేనూ కూర్చున్నాను. ఆవిడ మూట విప్పింది.

నౌక తళతళమని మెరిసింది. ఒక్క మరక లేదు, ఒక్క మసి చార లేదు. షెడ్డు దాటని బండిలాగా ఉంది.

"ఒళ్ళంతా ఏటో మురికి పట్టీసి ఉందండి. మగమనిషి కదా పాపం, శుభ్రం తెలీదు. మీరు నర్సమ్మ గారు, మురికిది ఎలాగిస్తామని సబ్బెట్టి తోమి మరీ తెచ్చేను" అంది, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూస్తూ.

ఏమనను ఆవిడని? ఆ దుమ్ము గురించి ఆయన్ని అన్నేళ్ళు సాధించిందాన్ని నేనే కదా. నౌకని అందుకుని తోక నా వైపుకి తిప్పాను. గార్డు డబ్బా ఉంది. ఎర్రదీపం లేదు. పలక లేదు.

పలక లేదు. అంటే పూర్తి చెయ్యలేదు. అంటే జవాబు లేకుండానే వెళ్ళిపోయారు. లేచి ఆవిడ కోసం టీ పెట్టాను, ఏం చేస్తున్నానో తెలీకుండానే. అందులో పంచదార వేశానో ఉప్పు వేశానో కూడా తెలీదు.

ఆవిడ టీ ఊదుకుంటూ, "తోకన ఎర్రగా ఏటో అంటించి ఉండేదండి. నీళ్ళు తగిలేసరికి కరిగిపోనాది. బకెట్టు నీళ్ళన్నీ కుంకం నీళ్ళలాగ అయిపోతే నాకు భయమేసింది" అంది.

నేను గిన్నె కింద పెట్టాను. "దీపం అది. దాని పక్కన ఇంకేమైనా ఉందా అమ్మా? బాగా గుర్తు చేసుకుని చెప్పు."

"రేకు ముక్క ఒకటుండేదండి, చిన్నది. ఊడి చేతిలోకి వచ్చీసింది. పారీడానికి మనసొప్పలేదు, బావగారు దానికోసమే రెండు రోజులు కూర్చున్నారు కదా అని..." అంటూ పర్సు తెరిచింది. మడిచిన కాగితం విప్పి నా అరచేతిలో పెట్టింది.

పసుపు రంగు. సూది మొనతో రాసిన రెండక్షరాలు. అంచున కత్తెర నొక్కు. ఆయన వెళ్ళేటప్పుడు నేను పొట్లం కట్టి ఇచ్చిన ఇంజెక్షన్ మూతల్లో ఒకటి.

పరాయి మనిషి ముందు, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ కంగారుపడి, తాను తోమినందుకే అనుకుని "తప్పయిపోనాదండి, తప్పయిపోనాది" అని నా చేతులు పట్టుకుంది. కాదమ్మా, నువ్వు ఆ ముక్క పారెయ్యకుండా ఉంచావు, నీ కడుపు చల్లగా అన్నాను. ఆవిడకేమీ అర్థం కాలేదు. పెళ్ళివారింట్లో ఎదురుచూస్తారని వెళ్ళిపోయింది.

అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని నౌకని వెలుతురులో పెట్టి చూశాను. ముందు గది ఖాళీగా ఉంది. రెండు సీట్లూ ఖాళీ. తోముతుంటే ఊడిపోయి ఉంటారనుకున్నాను. గార్డు డబ్బా కిటికీలోంచి లోపలికి చూశాను. ఆవిడ వేలు అక్కడికి పోలేదు. లోపల ఇంకా దుమ్ము ఉంది, ఆయన అద్దిన దుమ్మే. ఆ దుమ్ములో, ఇరుకు బల్ల మీద, ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పక్కపక్కన. ఆ కొంచెం చోట్లో ఇద్దరు పట్టటానికి ఆయన వాళ్ళ భుజాలు అరగదీశారు. ఒకరి తల మీద తెల్లరంగు చుక్క ఉంది, వార్డులో నేను పెట్టుకునే టోపీలాగా. ఆకుపచ్చ జెండా ఆ టోపీ మనిషి చేతిలో ఉంది.

ముందు ఎవరూ లేకపోతే బండి ఎలా నడుస్తుందండీ అని అడగాలనిపించింది. ఎంత అడగాలనిపించిందో! గోడ అవతల వరండాలో ఎవరివో కొత్తవాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయి.

ఆ రోజు కిటికీ గట్టు ఇంకా తుడవలేదు. పొద్దుట్నుంచి పడిన నల్లటి దుమ్ము అలాగే ఉంది. వేలితో తీసుకుని నౌక ఒంటికి అద్దాను. గుడ్డతో సగం తుడిచాను, మళ్ళీ అద్దాను. ఆయనకొచ్చినంత బాగా నాకు రాలేదు, వేలిముద్రలు పడ్డాయి. పడనీ అనుకున్నాను. మందుల డబ్బాలోంచి ఎర్ర క్యాప్సూల్ తీసి, పొడి ఊదేసి, సగం కోసి దీపం పెట్టాను. అన్నిటికన్నా ఆఖర్న పలక. ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. అది అంటుకున్నాక "హమ్మ బాబూ" అన్నాను.

నౌకని తీసుకెళ్ళి గోడ మీద, తోక నా వైపుకి ఉండేలా పెట్టాను. టీ గ్లాసు పక్కన పెట్టాను. నిటారుగా నిలబడి, పలక చూసి, అటు పక్కవాళ్ళు వింటే విన్నారని, గట్టిగానే అన్నాను.

"గాడీ పూరీ ఆయీ, గార్డు గారూ."